గృహనిర్బంధము – గృహిణి సమ్మతి

'గృహనిర్బంధము' అను మాట మన పత్రికాపాఠకులకు క్రొత్తది కాదు. అయితే ఇంతకాలము అది పెద్దవారి పేర్ల ప్రక్కనే కనబడుచు వచ్చినది. భూమి సూర్యుని చుట్టును తిరుగుచున్నదన్న సిద్ధాంతమును సమర్థించినందులకు 1633లో శిక్షింపబడిన గెలీలియో, 1642లో కన్నుమూయువరకును ఆ నిర్బంధములోనే కాలము గడపెను. హోమ్ రూల్ ఉద్యమమును నడపినందులకు 1917లో అనీబిసెంటమ్మను మద్రాసు ప్రభుత్వము ఉదకమండలమున నిర్బంధించినది. గాంధీమహాత్ముడు 1942 మొదలు 1944 వరకు పూనాలోని ఆగాఖాన్ భవనమున బందీగా నుండెను. కస్తూరిబా అచటనే పరమపదించినది. ఈ నిర్బంధములన్నిటికిని ఒక సామాన్యలక్షణము కలదు. వారి కాలుసేతులను చూచి ఎవ్వరును భయపడలేదు. భయమంతయు వారి నోటిని చూచి, కలమును చూచి.

ఇప్పుడీ మాట వేరొక తరగతివారి పేర్ల ప్రక్కకు వచ్చి చేరినది. త్రాగి వాహనమును నడిపి పట్టుబడినవానిని జైలునకు పంపుటకు బదులుగా ఇంటిలోనే ఉంచి, కాలికొక యంత్రమును తగిలించి, గడప దాటినచో తెలిసికొనునట్లు ఏర్పాటు చేయుట అమెరికా సంయుక్తరాష్ట్రములలో నాలుగు దశాబ్దములుగా అమలులో నున్నది. మన సర్వోన్నత న్యాయస్థానము కూడ 2021లో గృహనిర్బంధమును గూర్చి యొక సూచన చేసియున్నది. దానిని తరువాత ప్రస్తావించెదను. ఈ పద్ధతి మనకు తగునా తగదా యని తేల్చుకొనుటకు ముందు అది ఎట్లు పుట్టినదో, పుట్టినచోట ఎట్లు నడచినదో తెలిసికొనుట అవసరము.

దీని పుట్టుకకు మూలము ఒక తల్లి దుఃఖమని చెప్పవచ్చును. 1980 మే నెలలో కాలిఫోర్నియా రాష్ట్రమున పదుమూడేండ్ల బాలిక రోడ్డు ప్రక్కన నడచిపోవుచుండగా, త్రాగియున్న వాడొకడు కారుతో గుద్ది చంపెను. వాడు అంతకుముందును ఇట్టి నేరములలో పట్టుబడినవాడే. ఆ బాలిక తల్లి కాండేస్ లైట్‌నర్ ఇంటిలో కూర్చుండి ఏడ్చి ఊరకుండలేదు. త్రాగి వాహనములు నడుపుటను ప్రతిఘటించు తల్లుల సంఘమును ఆ సంవత్సరమే స్థాపించినది. అంతవరకు త్రాగి నడుపుటను ఆ దేశమున పెద్ద నేరముగా తలచినవారు తక్కువ. విందునుండి ఇంటికి పోవుచు ఎవడైనను చేయు పొరపాటుగా న్యాయాధిపతులు సైతము భావించుచుండిరి. తల్లుల సంఘము ఊరూర సభలు జరిపి, చనిపోయిన బిడ్డల చిత్రపటములను చేతబట్టి శాసనసభలకు పోయి, రాష్ట్రము తరువాత రాష్ట్రమున చట్టములను మార్పించినది. త్రాగి నడిపినవానికి జైలు తప్పనిసరి యను నియమము పలుచోట్ల వచ్చినది.

నియమము వచ్చినది గాని జైళ్ళలో చోటు రాలేదు. దొంగలకును హంతకులకును కట్టిన గదులలో కార్యాలయ గుమాస్తాలు, మేస్త్రీలు, దుకాణదారులు వచ్చి నిండిరి. ఏమి చేయవలెనో తోచని జిల్లా అధికారులకు అప్పుడు ఒక ఉపాయము దొరకినది. ఆ ఉపాయము దొరకిన విధము విచిత్రమైనది.

న్యూమెక్సికో రాష్ట్రములోని ఆల్బుకర్కీ నగరమున జాక్ లవ్ అను న్యాయాధిపతి ఉండెను. 1977లో ఆయన వార్తాపత్రికలో వచ్చు 'స్పైడర్ మాన్' బొమ్మలకథను చూచుచుండగా, అందలి దుష్టుడు కథానాయకుని ముంజేతికి ఒక యంత్రమును తగిలించి, అతడెక్కడికి పోయినను కనిపెట్టుచుండుట ఆయన కంటబడినది. తక్కినవారు చదివి నవ్వుకొని పుట త్రిప్పియుందురు. ఈయన అట్టి యంత్రమును చేయగలవారెవరని విచారించుటకు మొదలిడెను. కడపట మైకేల్ గాస్ అను కంప్యూటర్ల వ్యాపారి దానిని తయారుచేసి యిచ్చెను. న్యాయాధిపతి దానిని ముందుగా తన కాలికే తగిలించుకొని కొన్ని వారములు తిరిగి చూచెను. 1983లో నేరస్థుల కాళ్ళకు తగిలించుట ప్రారంభమైనది. తాను విధింపబోవు శిక్షను ముందుగా తానే అనుభవించి చూచిన న్యాయాధిపతులు లోకమున ఎందరుందురు? బొమ్మలకథలు చదివి పిల్లలు చెడిపోవుచున్నారని వాపోవు ఉపాధ్యాయ మిత్రులు కూడ ఈ ముచ్చటను ఒకసారి తలచుకొందురు గాక.

యంత్రము పనిచేయు తీరు సులభమే. కాలికి కట్టిన పట్టెనుండి రేడియో సంకేతములు వెలువడుచుండును. ఇంటిలోని టెలిఫోనుకు తగిలించిన పెట్టె వానిని అందుకొనుచుండును. మనిషి కొంత దూరము దాటెనా, సంకేతము తెగిపోవును. దూరముననున్న కార్యాలయమునకు వెంటనే తెలియును. గృహనిర్బంధమన్న మాత్రమున ఇరువదినాలుగు గంటలును నాలుగు గోడల నడుమ కూర్చుండుట కాదు. ఉద్యోగమునకు, వైద్యునికడకు, ప్రార్థనకు నిర్ణీతవేళలలో పోయి రావచ్చును. వేళ మీరినచో మాత్రము జవాబు చెప్పుకొనవలెను. తరువాతి కాలమున వచ్చిన యంత్రములు మనిషి ఏ వీధిలో నున్నాడో కూడ చెప్పగలిగినవి.

మన సాహిత్యమున కాలి కడియమునకు వేరొక గౌరవము కలదు. అల్లసాని పెద్దనామాత్యుని పాదమునకు కృష్ణదేవరాయలు స్వహస్తములతో గండపెండేరమును తొడిగెనని తరతరములుగా చెప్పుకొనుచున్నాము. ఎచటికి పోయినను తలయెత్తుకొని తిరుగుమని చెప్పుటకు ఆ కడియము. కదలకుమని చెప్పుటకు ఈ కడియము.

ఈ పద్ధతిని మెచ్చుకొనుటకు కారణములు లేకపోలేదు. త్రాగి నడుపువాడు సాధారణముగా తక్కిన నేరస్థులవంటివాడు కాడు. వానికి ఇల్లుండును, పని యుండును, భార్యాబిడ్డలుందురు. వానిని నెలరోజులు జైలులో పెట్టినచో ఉద్యోగము పోవును. ఆ ఇంటి పొయ్యిలోని పిల్లి లేవదు. బయటికి వచ్చిన తరువాత పాత త్రాగుడునకు క్రొత్త దిగులు తోడగును. త్రాగినవాడెల్ల దుర్మార్గుడనుట కూడ న్యాయము కాదు. నన్నయభట్టారకుని ఆదిపర్వమున కచదేవయానుల కథను చదివిన విద్యార్థులెరుగుదురు: శిష్యుని బూడిదను సురలో కలిపి రాక్షసులు ఇచ్చినప్పుడు శుక్రాచార్యుడంతవాడు ఎరుగకయే త్రాగెను. తెలివి వచ్చిన పిమ్మట ఆయన చేసిన పని గమనింపదగినది. సిగ్గుపడి ఊరకుండక, అది మొదలు సురాపానము మహాపాతకమని లోకమునకంతటికి కట్టుబాటు విధించెను. తప్పు చేసినవానికి తెలివి వచ్చు గడియ యొకటి ఉండును. జైలు ఆ గడియను పలుమారు వ్యర్థము చేయును. ఇంటిలో నుండి, పనికి పోవుచు, తలవంచుకొని నడచువానికి ఆ గడియ ఉపయోగపడవచ్చును. ఇంతవరకు నేను గృహనిర్బంధమునకు అనుకూలుడనే.

అయినను మొదటి కడియములో ఒక పెద్ద లోపము ఉండెను. అది మనిషి ఎచటనున్నాడో చెప్పును గాని, ఏమి త్రాగుచున్నాడో చెప్పదు. త్రాగి నడుపుట యన్న నేరములో రెండు అంశములు కలవు: త్రాగుట, నడుపుట. మొదటి కడియము రెండవదానిని మాత్రమే ఆపినది. వీధిలోని సారాయంగడికి పోవలసినవాడు ఇంటిలోనే సీసా తెప్పించుకొని కూర్చుండవచ్చును. యంత్రమునకు అభ్యంతరము లేదు. ఇది కౌటిల్యునకు తెలియని సంగతి కాదు. అర్థశాస్త్రమున సురాధ్యక్షుని విధులను చెప్పుచు ఆయన, నమ్మకస్థులు కానివారు పానశాలలోనే త్రాగవలెననియు, త్రాగి అటునిటు సంచరింపరాదనియు నియమించెను. ఆ పానశాలలలో వేరువేరు గదులును, పడకలును, ఆసనములును ఉండవలెననెను. మత్తును, సంచారమును విడదీయవలెనను ఆలోచన ఇంత ప్రాచీనమైనది. కాని కౌటిల్యుడు పడకలను పానశాలలో వేయించెను. అమెరికావారి తొలి కడియము పానశాలను పడకగదికి తెచ్చినది.

లోపమును వారే గుర్తించిరి. 2003లో వేరొక కడియము వచ్చినది. అది చర్మమునుండి వెలువడు చెమటలో మద్యపు జాడ యున్నదేమో అరగంటకొకసారి పరీక్షించును. అంతకంటెను నన్నాకర్షించినది 2005లో దక్షిణ డకోటా రాష్ట్రమున మొదలైన వేరొక పద్ధతి. దానికి యంత్రపు ఆడంబరము తక్కువ. త్రాగి నడిపి పలుమార్లు పట్టుబడినవాడు ప్రతిదినము ఉదయమొకసారి, సాయంకాలమొకసారి పోలీసు కార్యాలయమునకు వచ్చి గొట్టములోనికి ఊపిరి ఊదవలెను. త్రాగనిచో తన పనికి తాను పోవచ్చును. త్రాగియున్నచో అక్కడికక్కడ పట్టి ఒకటి రెండు దినములు కొట్టులో పెట్టుదురు. వాయిదాలు లేవు, వకీళ్ళ వాదములు లేవు, ఆరునెలల పిమ్మట వచ్చు తీర్పు లేదు. శిక్ష చిన్నది, కాని తప్పదు, వెంటనే పడును. మొదటి అయిదారేండ్లలోనే పదునేడువేలమందికి పైగా ఈ నియమమునకు లోబడిరి. దీని ఫలితములను పరిశీలించి ర్యాండ్ సంస్థవారు 2013లో ప్రకటించిన అధ్యయనమున రెండు సంఖ్యలు కలవు. మరల త్రాగి నడిపి పట్టుబడువారి సంఖ్య ఆ జిల్లాలలో నూటికి పండ్రెండు వంతులు తగ్గినది. ఇది ఆశించిన ఫలితమే. రెండవది ఎవ్వరును పెద్దగా ఆశించినది కాదు: ఇంటిలో ఆడువారిని కొట్టిన నేరమునకు పట్టుబడువారి సంఖ్య నూటికి తొమ్మిది వంతులు తగ్గినది.

ఆ రెండవ సంఖ్య దగ్గర పాఠకులు ఒక్క క్షణము ఆగవలెనని కోరుచున్నాను. రోడ్డును కాపాడుటకు చేసిన చట్టము ఇంటిని కూడ కాపాడినది. అది నిర్బంధము వలన జరుగలేదు. త్రాగుడును ఆపుట వలన జరిగినది. అట్లైనచో, త్రాగుడును ఆపక మనిషిని మాత్రము ఇంటిలో బంధించినప్పుడు ఆ ఇంటిలో ఏమి జరుగును? గృహనిర్బంధమును గూర్చి వ్రాయువారు జైలు వ్యయమెంత, యంత్రపు వ్యయమెంత యని లెక్కలు వేయుచున్నారు. శిక్షపడినవానితోపాటు ఆ గదిలో ఇంకెవరున్నారన్న లెక్క మాత్రము తరచుగా తప్పిపోవుచున్నది. జైలుకైనచో కావలివారు కలరు. వారికి జీతము కలదు, సెలవు కలదు, ఖైదీ మీదపడినచో విజిలు ఊది తోడు పిలుచుకొను వీలు కలదు. ఇల్లు జైలైనప్పుడు కావలి ఉద్యోగము ఎవరికి వచ్చుచున్నది? ఇల్లాలికి. జీతము లేదు, సెలవు లేదు, విజిలు లేదు. వాడు గడప దాటినచో అధికారికి చెప్పవలసినది ఆమెయే. చెప్పినచో ఆ రాత్రి వానితో గడపవలసినదియు ఆమెయే.

త్రాగి నడుపువారిలో స్త్రీలు లేరని కాదు. వారి ఇండ్లలోని మగవారికిని, ముసలివారికిని ఇదే ప్రశ్న వర్తించును. కాని మనకు కనబడుచున్న లోకమును బట్టి మాటలాడుచున్నాను.

మన తెలుగునాట ఈ సంగతిని పుస్తకములు చదివి తెలిసికొనవలసిన పని లేదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో రోశమ్మయు, ఆమె తోడివారును సారాకొట్టును మూయించిరి. అక్షరాస్యతా బడులలో రాత్రిపూట నాలుగక్షరములు నేర్చుకొనవచ్చిన స్త్రీలు, సారా కొంపలు కూల్చుచున్న కథను తమ పాఠ్యపుస్తకముననే చదివి, ఇది మన కథయే గదా యనుకొనిరి. ఆ నిప్పు జిల్లాలు దాటినది. 1993లో సారా నిషేధమైనది. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధము వచ్చినది. 1997లో అది సడలిపోయినది. నిషేధము నిలిచినదా లేదా యన్నది వేరుమాట. ఒక పాఠ్యపుస్తకము ప్రభుత్వమును కదలించిన సందర్భము ఉపాధ్యాయ లోకమునకు అంత తరచుగా దొరకదు గనుక ఇచట చెప్పితిని. కాలిఫోర్నియా తల్లి రోడ్డును కాపాడుమని అడిగినది. దూబగుంట తల్లి ఇంటిని కాపాడుమని అడిగినది. త్రాగి నడిపినవానిని ఇంటిలో బంధించుమని తీర్పు వ్రాయు న్యాయాధిపతి మొదటి తల్లి మాటను వినుచున్నాడు. రెండవ తల్లి మాట ఆయన చెవికి సోకుట లేదు.

సోకునట్లు చట్టము చేసిన దేశమొకటి కలదు. న్యూజీలండులో 2007 అక్టోబరు మొదలు గృహనిర్బంధము స్వతంత్రమైన శిక్షగా నున్నది. పదునాలుగు దినములకు తక్కువ గాక, పండ్రెండు నెలలకు మించక విధింపవచ్చును. త్రాగి నడిపి మరల మరల పట్టుబడువారికి కూడ అచట ఈ శిక్ష పడుచుండును. అయితే తీర్పునకు ముందు ప్రొబేషన్ అధికారి ఆ ఇంటికి పోవలెను. ఆ ఇంట నివసించువారికి నియమములన్నియు వివరింపవలెను. వారి సమ్మతిని తీసికొనవలెను. ఇచ్చిన సమ్మతిని ఎప్పుడైనను వెనుకకు తీసికొనవచ్చునని కూడ వారికి తెలియజెప్పవలెను. ఇంతయు చట్టములో వ్రాసి యున్నది. గృహమనగా నాలుగు గోడలు కాదు, అందులోని మనుష్యులని గ్రహించిన చట్టము ఇది.

ఇక మన సంగతి. 1988 నాటి మోటారు వాహనముల చట్టము 185వ సెక్షను ప్రకారము నూరు మిల్లీలీటర్ల రక్తమున ముప్పది మిల్లీగ్రాములకు మించి మద్యముండి వాహనము నడుపుట నేరము. అమెరికాలో చాల రాష్ట్రములలో ఈ పరిమితి ఎనుబది. మన చట్టము కాగితముమీద వారికంటె కఠినమైనదే. 2019 సవరణ తరువాత మొదటి తప్పునకు ఆరునెలల వరకు జైలుగాని, పదివేల రూపాయల జరిమానాగాని, రెండునుగాని. మరల చేసినచో రెండేండ్ల వరకు జైలుగాని, పదునైదువేల జరిమానాగాని, రెండునుగాని. 2024 జూలై 1 నుండి అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయసంహిత శిక్షల పట్టికలో సమాజసేవను క్రొత్తగా చేర్చినది; త్రాగి బహిరంగస్థలమున అల్లరి చేసినవానికి దానిని విధింపవచ్చును. గృహనిర్బంధము ఆ పట్టికలో లేదు. సర్వోన్నత న్యాయస్థానము 2021 మే నెలలో గౌతమ్ నవ్‌లఖా కేసులో తీర్పు చెప్పుచు, విచారణదశలో తగిన సందర్భములందు గృహనిర్బంధమునకు ఉత్తరువు చేయవచ్చుననియు, శిక్షపడినవారి విషయమున దానిని వినియోగించుటను గూర్చి ఆలోచింపవలసినది శాసనకర్తలనియు చెప్పినది. జైళ్ళు క్రిక్కిరిసియుండుటను, వానికగు వ్యయమును ఆ సందర్భముననే ప్రస్తావించినది. కావున తలుపు మూసిలేదు. ఏదో ఒకనాడు శాసనసభలలో ఈ ప్రశ్న వచ్చి తీరును.

వచ్చినప్పుడు మొదట వినబడు మాట ఏదో ఊహింపవచ్చును: 'ఇది శిక్షా, సెలవా?' ఆ కోపమునకు కారణము కలదు. 2025 అక్టోబరు 24 తెల్లవారుజామున కర్నూలు సమీపమున చిన్నటేకూరువద్ద హైదరాబాదునుండి బెంగళూరు పోవు బస్సు తగులబడి పందొమ్మిదిమంది ప్రయాణికులు ఆహుతియైరి. అంతకు కొంచెము ముందు ఒక మోటారుసైకిలు అచట పడిపోయినదనియు, దానిని నడిపినవాడు త్రాగియుండెననియు, పడియున్న ఆ మోటారుసైకిలును బస్సు ఈడ్చుకొనిపోయినదనియు పోలీసులు ప్రకటించిరి. ఆ నడిపిన యువకుడును ఆ రాత్రియే మరణించినాడు. ఇట్టి వార్త చదివిన చేతులతో 'త్రాగి నడిపినవానిని ఇంటిలోనే ఉంచుడు' అను వాక్యము వ్రాయుట కష్టము. 2024 మే నెలలో పూనాలో పదునేడేండ్ల బాలుడు త్రాగి కారు నడిపి ఇద్దరు యువ ఇంజనీర్ల మృతికి కారకుడైనాడన్న అభియోగమున పట్టుబడగా, బాలల న్యాయమండలి ఆనాడే జామీను మంజూరుచేసి, రోడ్డు ప్రమాదములను గూర్చి మూడువందల మాటల వ్యాసము వ్రాయుమని ఒక షరతు పెట్టినది. అది శిక్ష కాదు, జామీను షరతు మాత్రమే. అయినను దేశము భగ్గుమన్నది. ఏండ్ల తరబడి విద్యార్థులచే వ్యాసములు వ్రాయించుచున్న నాకు ఆ వార్త నవ్వును, బాధను ఒక్కమారే తెప్పించినది. వ్రాతపనిని శిక్షగా వాడుకొను అలవాటు మన బడులనుండియే గదా న్యాయస్థానమునకు పోయినది!

మనుష్యులు చనిపోయిన కేసులలో గృహనిర్బంధమును గూర్చి నేను మాటలాడుట లేదు. అవి వేరు, వానికి తగిన కఠినశిక్షలు ఉండవలసినదే. నేను చెప్పునది, రాత్రి తనిఖీలో ఊపిరి ఊది పట్టుబడి, ఎవ్వరికిని హాని చేయకమునుపే ఆగినవానిని గూర్చి. పట్టణములలో న్యాయస్థానముల ముందు ప్రతివారము నిలుచువారు ఎక్కువగా వీరే. వీరికి జరిమానాలు, కొన్ని దినముల జైలు, సమాజసేవ పడుచున్నవి. ధనికునకు పదివేలు ఒక రాత్రి విందు ఖర్చు. ఆటో నడుపువానికి నెలరోజుల అన్నము. ఒకే జరిమానా ఇద్దరికి ఒకే శిక్ష కాదు.

గృహనిర్బంధములోను ఈ తారతమ్యము దాగియున్నది. అమెరికాలో పలుచోట్ల ఆ కాలి యంత్రమునకు రోజువారీ అద్దె శిక్షపడినవాడే చెల్లింపవలెను. చెల్లింపగలిగినవాడు ఇంటిలో నుండును. చెల్లింపలేనివాడు జైలునకు పోవును. మన దేశమునకు ఆ పద్ధతి వచ్చినచో చెప్పవలసినదేమున్నది? అద్దె లేకున్నను భేదము పోదు. మేడలో నున్నవానికి మూడు నెలల గృహనిర్బంధమనగా తోటలో నడచుట, పై అంతస్తున చదువుకొనుట. ఒక్క గది వాటాలో అయిదుగురు నివసించు ఇంటిలో అదే శిక్ష అయిదుగురికిని పడును. ఆ గదిలోనే ముసలితల్లి దగ్గుచుండును. ఆ గదిలోనే పదవతరగతి పరీక్షకు చదువుకొను బాలిక ఉండును. సాయంకాలము తండ్రి ఇంటలేని రెండు గంటలే ఆ బాలికకు దొరకు ప్రశాంతకాలమైనచో, చట్టము దానిని కూడ తీసివేయును. ఉపాధ్యాయ మిత్రులకు నేను వివరింపనక్కరలేదు. సోమవారము ఉదయము హాజరు పిలుచునప్పుడే, ఏ బిడ్డ ఇంటిలో శనివారపు రాత్రి ఎట్లు గడచినదో మొగము చూచి చెప్పగలవారు వారు.

కనుక మన శాసనకర్తలు ఈ శిక్షను చేర్చదలచినచో అమెరికా తొలి కడియమును గాక, దక్షిణ డకోటా ఊపిరి పరీక్షను, న్యూజీలండు సమ్మతి నియమమును కలిపి తెచ్చుకొనవలెనని నా అభిప్రాయము. పగలు పనికి పోనిచ్చి, ప్రొద్దుగూకిన తరువాత ఇల్లు కదలనీయకుండుట. ఉదయ సాయంకాలములు సమీపపు పోలీసుస్టేషనులో ఊపిరి పరీక్ష. అంతకాలము లైసెన్సు రద్దు. తప్పినచో ఆ పూటయే ఒక దినము జైలు. ఖరీదైన యంత్రములు లేకున్నను ఇది నడచును. వాహనము నడుపుటయే వృత్తియైనవానికి లైసెన్సు పోయిన నెలలలో వేరుపని చూపు బాధ్యత ఎవరిదన్నది కఠినమైన ప్రశ్న. లారీ నడుపువానికి చక్రమే అన్నము. కాని ఆ చక్రము క్రింద పడువారి అన్నమును కూడ తలచుకొనవలసియున్నది.

అన్నిటికంటె కఠినమైనది సమ్మతి విషయము. న్యూజీలండులో అధికారి అడుగును, ఇంటివారు చెప్పుదురు. మన ఇండ్లలో అధికారి వచ్చి భర్త, అత్తగారు, పొరుగువారు వినుచుండగా 'అమ్మా, నీకు సమ్మతమేనా?' అని అడిగినచో ఏ ఇల్లాలు కాదనగలదు? తలుపు చాటునుండి తలయూపుటను సమ్మతియని వ్రాసికొందురు. హైదరాబాదులో పట్టుబడినవానిని కౌన్సెలింగునకు రమ్మనునప్పుడు కుటుంబసభ్యులలో నొకరిని వెంట తీసికొనిరమ్మనుట ఇప్పటికే పరిపాటి. ఆమె వచ్చి భర్త ప్రక్కన కూర్చుండి వినిపోవును. ఆమెను కూడ వేరుగా కూర్చుండబెట్టి, ఒక స్త్రీ అధికారి, భర్త చెవిని పడని చోట, నాలుగు ప్రశ్నలు అడుగుటకు క్రొత్త చట్టము కూడ అవసరము లేదు. ఇంటిలో త్రాగునా? త్రాగిన నాడు చేయి చేసికొనునా? పిల్లలెక్కడ పడుకొందురు? రాత్రి వేళ పోవుటకు నీకు దగ్గర చుట్టములున్నారా?

ఆమె వద్దన్నచో వానిని ఎక్కడ ఉంచవలెను? త్రాగుడు మాన్పించు చికిత్సాలయములు జిల్లాకొకటి రెండు చాలవు. చోటు లేకపోయినచో జైలే గతి. అప్పుడు 'నీవలననే నాకు జైలు' అని వాడు తిరిగివచ్చిన నాడు ఆమె వినవలసివచ్చును. అందుచేత ఆమె చెప్పిన మాట కేసు కాగితములలో కనబడరాదు, తీర్పులో చదువబడరాదు. న్యాయాధిపతికి పోవు నివేదికలో 'ఇంటి వసతి ఈ శిక్షకు అనుకూలముగా లేదు' అని ఒక్క వాక్యముండిన చాలును. కారణము వ్రాయనక్కరలేదు, అడుగనక్కరలేదు.